ఎస్తేరు మాయమవ్వదు

"తప్పు! శుద్ధ తప్పు!"

పక్క సీట్లోంచి వినిపించిన ఆ కేకకి హరిచరణ్ ఉలిక్కిపడ్డాడు.

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళే సాయంత్రం బస్సు అప్పుడే హైవే ఎక్కింది. బయట వాన. కిటికీ అద్దం సగంలో బిగుసుకుపోయి జల్లు లోపలికి కొడుతోంది. పక్క సీట్లోని అమ్మాయి తడుస్తున్న భుజాన్ని పట్టించుకోకుండా ఫోన్‌తో పోట్లాడుతోంది. ఆమె ఇయర్‌ఫోన్స్ ఎప్పటివో గానీ, లోపలి మాటలన్నీ బయటికే వినపడుతున్నాయి.

"...ఫ్రెండ్స్, ఇలాంటి హారర్ యానిమేలకి ఒక రూల్ ఉంటుంది. క్లాసులో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి ఎపిసోడ్‌లో కిటికీ పక్కన కూర్చుందంటే, చివరి ఎపిసోడ్‌కి ఆ సీటు ఖాళీ అయిపోతుంది. ఆమె మాయమైతేనే హీరో పెద్దవాడవుతాడు. అదే ఆ కథల అందం..."

హరిచరణ్‌కి అంత వానలోనూ చెమట పట్టింది. అది తన గొంతే.

యానిమేల, అంటే జపాన్ యానిమేషన్ సీరియళ్ళ, కథల్ని తెలుగులో విడమరిచి చెప్పే యూట్యూబ్ చానల్ ఒకటి అతను నడుపుతున్నాడు. ఎప్పుడూ ముఖం చూపించలేదు. బీటెక్ అయ్యాక నాన్న మిర్చి, పత్తి వ్యాపారంలో సాయం చేస్తూ, మిగిలిన టైమంతా దానికే పెడుతున్నాడు.

"ఏం తప్పండీ?" అన్నాడు, తెలియనట్టు.

"వీడెవడో చెప్తున్నాడండీ, పిల్ల పోతేనే కథకి అందమట! గొంతు బాగానే ఉంది. బుర్రే లేదు."

"అంటే... ఆ కథల పద్ధతి అదండీ. ఎవరో ఒకరు త్యాగం చెయ్యాలి."

"ఆ ఒకరు ఎప్పుడూ ఆ పిల్లే ఎందుకవ్వాలి? హీరోని మాయం చెయ్యమనండి, ఈ పిల్ల పెద్దదవుతుంది."

"అలా కాదండీ, ఆ లోకంలో మాయమవడం అంటే చావు కాదు. ఫ్రెండ్స్ అందరూ తనని మర్చిపోతే..."

ఆమె చటుక్కున తల తిప్పింది. "ఏదీ, మళ్ళీ అనండి."

"ఏది?"

"ఫ్రెండ్స్ అనండి."

హరిచరణ్ చిల్లకల్లు స్టాపు వస్తుందేమో, దిగిపోదామా అన్నట్టు బయటికి చూశాడు. "ఫ్... ఫ్రెండ్స్."

ఇంకొకరైతే నాలిక కరుచుకునేవాళ్ళు. ఆమె మాత్రం ఇయర్‌ఫోన్స్ తీసి, చుట్టి, బ్యాగులో పెట్టుకుంది. "మంచిదైంది. ఇంక కామెంట్ టైప్ చేసే పని తప్పింది. వినండి," అని మొదలుపెట్టి నందిగామ వచ్చేదాకా వినిపించింది.

దిగే ముందు ఫోన్‌లో తను గీసిన ఒక బొమ్మ చూపించింది. పాత సున్నపురాయి క్వారీ. అందులో పాలలా తెల్లటి నీళ్ళు. అంచున కాలేజీ బ్యాగుతో ఒక అమ్మాయి, నీళ్ళలోకి కాకుండా, చూసేవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తోంది.

"ఎవరీమె?"

"ఎస్తేరు. కథ ఇంకా లేదు. పిల్ల మాత్రం ఉంది."

"ఏమవుతుంది ఈమెకి?"

"తెలీదు. మాయం మాత్రం అవ్వదు," అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

హరిచరణ్ ఆ రోజు నందిగామ వచ్చింది మెకానిక్ దగ్గరున్న తన బైకు కోసం. ఆ సంగతి అతనికి తిరుగు బస్సు సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది.

*

ఆమె పేరు ఫ్లోరెన్స్. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. ఇల్లు నందిగామలో. తండ్రి ఇశ్రాయేలు గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ మాస్టారు. తల్లి రత్నమణి నర్సు.

మర్నాడు అదే సాయంత్రం బస్సులో ఆమెని మళ్ళీ పట్టుకున్నాడు. ఆ బొమ్మకి కథ కట్టి, ఆడియో సిరీస్‌గా చేద్దామన్న ఆలోచన హరిచరణ్‌ది. బొమ్మలు ఆమెవి, గొంతులు ఇద్దరివీ. "ఒక్క షరతు. ఎస్తేరు గురించి చివరి మాట నాది," అంది ఫ్లోరెన్స్.

రికార్డింగుకి నిశ్శబ్దమైన చోటు కావాలి. మొదట నాన్న మిర్చి గోడౌన్‌లో మైకు పెట్టాడు. ప్రతి డైలాగూ తుమ్ముతో ముగిసింది. "దెయ్యం వస్తోంది... హాచ్!" అని ఫ్లోరెన్స్ అనేసరికి ఇద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని బయటికి పరుగెత్తారు. ఆ తర్వాత పత్తి బేళ్ళ మధ్యకి మారారు. అక్కడ ఎంత గట్టిగా మాట్లాడినా గొంతు మెత్తగా, దగ్గరగా వినిపించేది. పగటిపూట గోడౌన్ తలుపు బార్లా తెరిచి పెట్టి, స్కూలు వదిలాక గంటసేపు పనిచేసేవాళ్ళు.

పనికన్నా పోట్లాట ఎక్కువ.

"ఆ యానిమేల్లో అమ్మానాన్నలు ఏమైపోతారు?" అని అడిగేది ఆమె. "పిల్లాడు దెయ్యాలతో తిరిగి తిరిగి వారానికి ఇంటికొస్తాడు. ఏరా, ఎక్కడికెళ్ళావ్ అనే నాథుడుండడు. బస్సు కొంచెం లేటైతే మా అమ్మ డ్రైవర్ పేరుతో సహా కనుక్కుంటుంది."

"అదీ ఒక పద్ధతే. పెద్దవాళ్ళుంటే పిల్లలు ఒంటరివాళ్ళెలా అవుతారు?"

"మనవాళ్ళు ఇంటినిండా జనమున్నా ఒంటరివాళ్ళే. అది రాద్దాం."

"మరి క్లాసు ఎగ్గొట్టి మేడ మీద కూర్చునే సీను?"

"మన జూనియర్ కాలేజీల్లో మేడకి తాళం. తాళంచెవి ప్రిన్సిపాల్ జేబులో. బస్టాండు పెట్టుకో."

కానీ భయపెట్టడం ఎలాగో అతనికి తెలుసు. దెయ్యాన్ని పూర్తిగా చూపిస్తే అక్కడితో భయం చచ్చిపోతుందనేవాడు. రోజూ చూసేదే పిసరంత తేడాగా ఉండాలి. అలా వాళ్ళ కథ తయారైంది. ఊరి చివర వదిలేసిన క్వారీలో నీళ్ళు ఒక వానాకాలం తెల్లగా మారతాయి. అందులోకి తొంగిచూసిన పిల్లలకి క్లాసులో హాజరు పిలిచినప్పుడు, తాము నోరు తెరవకముందే, తమ గొంతుతో ఎవరో 'ప్రెజెంట్ సార్' అంటారు. మర్నాటి నుంచి ఆ పిల్లల్ని ఇంట్లోవాళ్ళు కొద్దికొద్దిగా మర్చిపోతారు. కంచం ఒకటి తగ్గుతుంది. చెప్పులు బయటెక్కడో ఉంటాయి. చివరికి వాళ్ళ చోటులో, వాళ్ళ ముఖంతోనే, ఇంకెవరో కూర్చుని ఉంటారు.

"చేతులు చూడు," అంది ఫ్లోరెన్స్, వెంట్రుకలు నిక్కబొడుచుకున్న మోచెయ్యి చూపిస్తూ. "ఒప్పుకుంటున్నా. నీకు బుర్ర ఉంది."

మీరు అన్న పిలుపు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరికీ తెలియలేదు.

ఒకరోజు హీరో డైలాగు చదువుతున్నాడు. "నువ్వు లేకపోతే ఈ ఊరు కూడా నాకు గుర్తుండదు."

అయిపోయింది. మైకు ఆన్‌లోనే ఉంది. ఎవరూ కట్ అనలేదు.

"డైలాగ్ అయిపోయింది," అంది ఆమె.

"తెలుసు."

"మరి చూస్తావేంటి?"

"పాజ్ ఇస్తున్నా. హారర్‌లో పాజ్ ముఖ్యం."

"ఇది హారర్ సీన్ కాదు."

"నాకు మాత్రం భయంగానే ఉంది," అన్నాడు హరిచరణ్.

ఫ్లోరెన్స్ నవ్వు ఆపుకుంటూ, జుట్టులో ఇరుక్కున్న దూది తీసి అతని మీదికి ఊదింది. ఆ ముక్క మాత్రం అతను ఎడిటింగ్‌లో తియ్యలేదు.

*

సగం ఎపిసోడ్లు అయ్యాక విజయవాడ నుంచి కిషోర్‌బాబు ఫోన్ చేశాడు. ఆయన ఒక కొత్త ఆడియో యాప్‌కి కథలు ఎంపిక చేస్తాడు. హరిచరణ్ పంపిన నమూనా విన్నాడు, బాగా నచ్చిందట.

"రెండే మార్పులు హరీ. చివర్లో ఆ అమ్మాయి క్వారీలో కలిసిపోవాలి. హీరో ఒక్కడికే గుర్తుండాలి. ఈ జానర్‌లో జనం ఏడవాలంటే అదే దారి. రెండోది, ఆ పేరు. ఎస్తేరు అంటే అందరికీ కనెక్ట్ అవదు. ఇరా అని పెట్టండి. ఎవరికైనా సరిపోతుంది."

స్పీకర్‌లో ఫ్లోరెన్స్ కూడా వింటోంది. ఆమె నోరు తెరిచేలోపే హరిచరణ్ అనేశాడు. "పేరేగా సార్, మార్చేద్దాం. క్లైమాక్స్ గురించి కూడా ఆలోచిస్తాం."

హరిచరణ్ ఫోన్ పెట్టేశాడు.

"ఆలోచిస్తామా?" అంది ఫ్లోరెన్స్.

"ముందు అవకాశం రానీ ఫ్లోరెన్స్. కథ అదే కదా. పేరులో ఏముంది?"

"ఆ క్వారీకి ఒక పిల్లని మర్చిపోయేలా చెయ్యడానికి ఐదు ఎపిసోడ్లు పట్టింది. మీ ఇద్దరికీ ఒక్క ఫోన్ కాల్ చాలింది."

"అది కాదు..."

"నీకు నేనెప్పుడూ చెప్పలేదు. కాలేజీలో మా లెక్చరర్ ఒకావిడ, ఫ్లోరా అని పిలుస్తాలే, క్లాస్‌గా ఉంటుంది అంది. ఎక్కడ మీ ఇల్లు అని అడుగుతారు. ఫలానా పేట అని చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో ఏదో తలుపు మూసుకుంటుంది. నేను అక్కడే ఉంటాను. కానీ ఉండను. దెయ్యం కథ రాయడానికి నాకు జపాన్ దాకా వెళ్ళే పన్లేదు హరీ."

బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

రెండు రోజులు హరిచరణ్ ఆమెనే తప్పుపడుతూ తిరిగాడు. మూడో రోజు ఇంట్లో కూర్చుని కొత్త పేరుతో డైలాగులు చదవడం మొదలుపెట్టాడు. వంటింట్లో బెండకాయలు తరుగుతున్న తల్లి కమలాకుమారి కత్తిపీట ఆపింది. కొడుకు ఎడిటింగ్ చేస్తున్నప్పుడు ఆ గది నుంచి వినపడే కథంతా ఆవిడ ఒక్క ముక్క వదలకుండా విన్నది.

"ఇరా ఎవర్రా?"

"ఎస్తేరే అమ్మా. పేరు మార్చాం."

"ఎందుకు?"

నోట్లోకి వచ్చిన ప్రతి జవాబూ బయటికి అనలేనిదే.

"ఆ పిల్లేం చేసిందని?" అంది కమలాకుమారి, నిజంగానే తెలియక.

హరిచరణ్ కిషోర్‌బాబుకి ఫోన్ చేసి వద్దని చెప్పాడు. "పిచ్చివాడివి, ఇలాంటి ఛాన్స్ మళ్ళీ రాదు," అన్నాడాయన. "రాకపోతే మానె సార్," అని, చెప్పులు తొడుక్కుని బస్టాండుకి నడిచాడు.

నందిగామలో తలుపు తీసింది ఇశ్రాయేలు మాస్టారు.

"ఎవరు బాబూ?"

"ఫ్లోరెన్స్ గారి... పార్ట్‌నర్‌నండి. కథలో."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని అతన్ని పైనుంచి కిందికి చూశారు. "ఏ కథలో?"

లోపల్నుంచి ఫ్లోరెన్స్ వచ్చింది. నవ్వలేదు.

"కాదని చెప్పేశా," అన్నాడు హరిచరణ్. "నిన్ను అడక్కుండా ఒప్పుకోవడం తప్పు. పేరులో ఏముంది అనడం ఇంకా పెద్ద తప్పు. నా పేరు ఎవరూ ఎప్పుడూ మార్చమనలేదు, అందుకే నాకు తెలీలేదు. మన చానల్లోనే పెడదాం. నీ పేరు ముందు. చివరి ఎపిసోడ్ నువ్వే రాయి."

"రాసేశా," అంది ఫ్లోరెన్స్. "నువ్వు రాకపోయినా చేసేదాన్నే. హీరో గొంతుకి పక్కింటి అబ్బాయిని అడిగా."

"వాడి గొంతు బాగుందా?"

"బుర్ర కూడా ఉంది," అని అప్పుడు నవ్వింది.

*

ఫ్లోరెన్స్ రాసిన ముగింపులో ఎస్తేరు క్వారీ అంచుదాకా వెళ్తుంది. నువ్వొక్కదానివి దిగితే మిగతావాళ్ళందరినీ వదిలేస్తానంటుంది నీళ్ళలోని గొంతు. ఎస్తేరు దిగదు. "నేను దిగను. వాళ్ళనీ వదలను," అంటుంది. వెనక్కి తిరిగి ఊళ్ళోకి నడుస్తుంది. ఇంటింటికీ వెళ్ళి, మాయమైన పిల్లల పేర్లు ఆ ఇంటివాళ్ళ చేతే గట్టిగా పలికిస్తుంది. పలకనన్నవాళ్ళ గుమ్మం ముందు కూర్చుంటుంది. మర్నాడు క్లాసులో హాజరు పిలిచినప్పుడు, నీళ్ళ గొంతు కన్నా ముందే, ఊరు ఊరంతా కిటికీల్లోంచి ఆ పేర్లు అరుస్తుంది.

చివరి ఎపిసోడ్ పెట్టినరోజు హరిచరణ్ మొదటిసారి ముఖం చూపించాడు. పక్కన ఫ్లోరెన్స్ కూర్చుంది. "ఈ కథల రూల్ ఇదీ అని ఇన్నాళ్ళూ మీకు చెప్పింది నేనే. ఆ రూల్ మేం పాటించలేదు," అన్నాడు.

రూల్ తెలియనివాళ్ళకి యానిమే ఎందుకని కొందరు తిట్టారు. కానీ నందిగామ పేటల్లోంచి, జగ్గయ్యపేట కాలేజీల్లోంచి, మైలవరం నుంచి కూడా కుర్రాళ్ళు కామెంట్లలో తమ పూర్తి పేర్లు రాసి, పక్కన 'ప్రెజెంట్' అని పెట్టారు. ఫ్లోరెన్స్ అవన్నీ చదువుతూ కళ్ళు తుడుచుకుంది. జలుబు అని చెప్పింది.

ఆ సాయంత్రం జగ్గయ్యపేట బస్టాండు బయట ఒకే గొడుగు కింద నిలబడ్డారు.

"కథ అయిపోయింది," అన్నాడు. "ఇంక నిన్ను కలవడానికి ఏ సాకు చెప్పాలి?"

"సాకెందుకు? సూటిగా చెప్పు."

"ప్రేమిస్తున్నా."

"నేనూ. ఇప్పుడు గొడుగు సరిగ్గా పట్టు, నీళ్ళన్నీ నా మీదే కారుతున్నాయి."

*

హరిచరణ్ తండ్రి జగన్నాథరావుకి ఆ సంగతి మార్కెట్ యార్డులో ఎవరో చెప్పారు. ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, కొడుకువైపు చూడకుండా అడిగాడు.

"ఆ టీచరమ్మాయి సంగతి నిజమేనా?"

"నిజమే నాన్నా. పెళ్ళి చేసుకుంటాం."

"కథలు చెప్పుకున్నారు, బానే ఉంది. అక్కడితో ఆపు. వాళ్ళెవరు, మనమెవరు?"

"వాళ్ళ నాన్న మాస్టారు. మా నాన్న వ్యాపారి."

కంచంలోంచి చెయ్యి తీసేసి లేచాడు జగన్నాథరావు. "నాకు వెటకారాలొద్దు. ఈ గడపలోకి మాత్రం ఆ మాట రానివ్వను."

హరిచరణ్ మర్నాడే ఫ్లోరెన్స్‌ని కలిశాడు. "హైదరాబాద్ వెళ్ళిపోదాం. రిజిస్టర్ చేసుకుందాం. అక్కడ మనల్ని అడిగేవాళ్ళెవరూ ఉండరు."

"వెళ్ళిపోతే?"

"హాయిగా బతుకుతాం."

"ఇక్కడ మనల్ని మర్చిపోతారు. వాళ్ళకి కావాల్సింది కూడా అదే." ఆమె గొంతు పెరగలేదు, కానీ అందులో మెత్తదనం లేదు. "నేను దిగను హరీ. ఇదే బస్సెక్కుతా, ఇదే స్కూల్లో పాఠం చెప్తా, నిన్ను ఈ ఊళ్ళోనే పెళ్ళి చేసుకుంటా. మీ నాన్నని బతిమాలను. ఆయనకి కనపడకుండా దాక్కోను కూడా. నీకు కష్టమైతే ఇప్పుడే చెప్పు."

"కష్టమే," అన్నాడు నిజాయితీగా. "అయినా ఉంటా."

ఇశ్రాయేలు మాస్టారుకి కూడా ఇష్టం లేదు. "బాబూ, నువ్వు మంచివాడివే. కానీ నా కూతురు ఇంకొకరి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడితే నేను చూడలేను," అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆదివారం భోజనానికి రా. మీ ఇంట్లో చెప్పి రా. దొంగచాటుగా మాత్రం వద్దు. చెప్పే ధైర్యముంటే మిగతాది మాట్లాడుకుందాం," అన్నారు.

ఆదివారం పొద్దున హరిచరణ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో నిలబడ్డాడు.

"నాన్నా, ఫ్లోరెన్స్ వాళ్ళింటికి భోజనానికి వెళ్తున్నా. పెళ్ళి మాట్లాడుకోవడానికి."

పేపరు వెనక నుంచి సమాధానం వచ్చింది. "వెళ్తే వెళ్ళు. మళ్ళీ ఈ ఇంటికి రాకు."

కమలాకుమారి ఇద్దరివైపూ చూసి లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు మనసు అక్కడే చివుక్కుమంది. కనీసం ఒక్క మాటైనా అంటుందనుకున్నాడు.

నందిగామలో చర్చి నుంచి అందరూ వచ్చాక రత్నమణి వడ్డన మొదలుపెట్టింది. చేపల పులుసు, గోంగూర, పెరుగు. మాస్టారు ప్రార్థన చేశారు. హరిచరణ్ ముద్ద కలిపాడు గానీ నోటికి పోలేదు. ఫ్లోరెన్స్ కంచం జరుపుకుని అతని పక్కకి వచ్చి కూర్చుంది.

"ఏమన్నారు?"

"రావద్దన్నారు."

"భయమేస్తోందా?"

"వేస్తోంది."

"నాక్కూడా," అని, తండ్రి ఎదుటే అతని చెయ్యి పట్టుకుంది. మాస్టారు చూశారు. గోంగూర గిన్నె అతనివైపు జరిపారు.

అప్పుడే బయట ఆటో ఆగింది. గుమ్మంలో కమలాకుమారి. పట్టుచీర కట్టుకుంది. వానకి కుచ్చిళ్ళు తడిసి, చేతిలో అరటిపళ్ళ సంచీ, ముఖంలో మొదటిసారి ఒంటరిగా బస్సెక్కి ఇంకో ఊరొచ్చిన మనిషి కంగారు, గర్వం.

"అమ్మా!" అని హరిచరణ్ ఎంగిలి చేత్తోనే లేచాడు.

"కూర్చోరా. భోజనం మధ్యలో లేస్తారా?" అని, ఫ్లోరెన్స్ వైపు తిరిగింది. కాసేపు ఆ అమ్మాయిని అలాగే చూసింది. "ఎస్తేరు గొంతు నీదేగా అమ్మా? అంతా విన్నాను. గుమ్మాల ముందు కూర్చునే చోట ఎంత ఏడ్చానో. పక్కకి జరుగు, నాకూ చోటివ్వు."

రత్నమణి గబగబా ఇంకో కంచం పెట్టింది. మాస్టారు ఫ్యాను ఆవిడవైపు తిప్పారు. నాలుగు ముద్దలు తిన్నదో లేదో, కమలాకుమారి ఫోన్ మోగింది. ఎడమచేత్తో ఎత్తబోయి, పొరపాటున స్పీకర్ నొక్కేసింది.

"ఎక్కడున్నావే?" జగన్నాథరావు గొంతు గదంతా నిండింది. "ఇల్లంతా వెతుకుతున్నా!"

అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. హరిచరణ్ ఫోన్ అందుకోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు.

"వియ్యపురాలింట్లో అన్నం తింటున్నానండీ," అంది కమలాకుమారి. "మీ కొడుకుని రావద్దన్నారు. వాడు రాని ఇంట్లో నేనొక్కదాన్నే ఏం చెయ్యను? మీరొస్తే రండి. రాకపోతే పెళ్ళికి తల్లినొక్కదాన్నే నిలబడతా. ఏదో ఒకటి త్వరగా చెప్పండి, ఇక్కడ చేపల పులుసు అయిపోతోంది."

ఫ్లోరెన్స్ వేళ్ళు హరిచరణ్ చేతిమీద బిగుసుకున్నాయి. హైవే మీద ఏదో లారీ హారన్ దూరంగా మోగి ఆగిపోయింది. ఫోన్‌లో మాత్రం ఏదో తలుపు తీస్తున్నట్టు, వేస్తున్నట్టు, ఏవో సామాన్లు కదుపుతున్నట్టు శబ్దం.

"కారు తాళాలు ఎక్కడ పెట్టి చచ్చావ్?" అన్నాడు జగన్నాథరావు.